చేతి వీడియో గేము కొనవచ్చునా?

వేసవి సెలవులకు ముందును, క్రిస్మసునకు ముందును తలిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్నలలో నొకటి యీ నడుమ తఱచుగా వినబడుచున్నది. చేతిలో పట్టుకొని యాడు వీడియో గేము యంత్రమును పిల్లవానికి కొని యీయవచ్చునా, కూడదా? "కూడదు" అని యొక్క మాటలో చెప్పి పంపుట ఉపాధ్యాయులకు సులభము. అట్లు చెప్పినచో మాకు క్రమశిక్షణ గలవారమన్న పేరు కూడ వచ్చును. కాని ఆలోచింపక చెప్పిన సలహా యెవ్వరికిని ఉపకరింపదు గనుక, మా యభిప్రాయమును ఈ సంచికలో కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

మొదట ఈ వస్తువు పుట్టువు. జపానుదేశపు నింటెండో సంస్థలో గుంపే యొకోయి అను ఇంజనీరు ఉండెను. రైలులో నొక ఉద్యోగి పొద్దుపోక లెక్కల యంత్రపు మీటలను నొక్కుచుండుట చూచి, అట్టివారి కొఱకు చిన్న యాట వస్తువు చేయవచ్చునని అతనికి తోచినదట. 1980లో వెలువడిన 'గేమ్ అండ్ వాచ్' ఆ యూహకు ఫలము. 1989లో అతని బృందమువారే 'గేమ్ బాయ్' అను యంత్రమును చేసిరి. వెల 12,500 యెన్లు. తెరకు రంగులు లేవు, వెలుగును లేదు. దీపము దగ్గఱ కూర్చుండి ఆడవలెను. మఱుసటి యేడు సేగా సంస్థవారు 'గేమ్ గియర్' అను రంగుల తెర యంత్రమును తెచ్చిరి. చూచుటకు అది యెంతో సొగసైనది. కాని ఆఱు పెన్సిలు సెల్లులను కొలది గంటలలోనే మ్రింగివేయుచుండెను. గేమ్ బాయ్‌కు నాలుగు సెల్లులు చాలును, అవియు పది గంటలకు పైగా నిలుచుచుండెను. సొగసైన యంత్రము కోటికి కొంచెము పైగా అమ్ముడుపోయినది. వన్నె లేని యంత్రము, తరువాత వచ్చిన దాని రంగుల రూపముతో కలిపి, 11 కోట్లకు మించి అమ్ముడుపోయినది. పాతబడి చవుకయైన సామగ్రినే క్రొత్త రీతిని వాడవలెనన్నది యొకోయి సిద్ధాంతము. చేయువానికే గాక కొనువానికిని అది పనికివచ్చునని మా తలంపు.

మేము విద్యార్థులుగా నున్న 1990 దశాబ్దములో తిరునాళ్ల దుకాణములలో అరచేయి యంతటి 'బ్రిక్ గేము'లు అమ్మెడివారు. డబ్బా మీద '9999 ఆటలు' అని వ్రాసి యుండెడిది. లోన నున్నది చాలవఱకు ఇటుకలు పేర్చు నొక్క యాటయే. వేగము మార్చి, మరల మార్చి, లెక్కకు పెంచినది. ఆ ఇటుకల యాటను 1984లో మాస్కో నగరమున అలెక్సీ పజిట్నోవు కల్పించెనని మాకు అప్పుడు తెలియదు. దానివలన చెడిపోయినవాడు మా తరగతిలో నొక్కడును లేడు, బాగుపడినవాడును లేడు.

నేటి స్థితి వేఱు. గేము కొనవలెనా యని అడుగు ఇంటిలో సెల్‌ఫోను ఇదివఱకే యున్నది; అందులో ఊరక దొరకు ఆటలును ఉన్నవి. కావున అసలు ప్రశ్న ఆట యుండవలెనా లేదా యని కాదు. ఏ యాట, యెవరి యెదుట, ఎంత వెలకు అని. ఊరక వచ్చినదని చెప్పబడు ఆట, పిల్లవాడు ఓడిపోవుచున్న గడియ చూచి రత్నములనియు నాణెములనియు అమ్మజూపును. ఆడుటకు రానినాడు రమ్మని పిలుచును. పందెపు డబ్బు పెట్టి యాడు ఆన్‌లైను ఆటలను మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసి నిషేధించినది. మంచి పని జరిగినది. అయితే పందెము లేని యాటలోని ఈ రత్నముల బేరము ఆ నిషేధములోనికి రాదు. వెల యిచ్చి కొన్న యంత్రమునకు, వెల యిచ్చి కొన్న యాటకు ఒక గుణము కలదు: ఎంత పోయినదో తండ్రికి మొదటనే తెలియును. ఈ కారణముచేత, ఫోనులోని యుచితపు టాటకంటె కొన్న యంత్రమే మేలని మేము తలంచుచున్నాము. ఈ మాట విని మా సహోపాధ్యాయులలో కొందఱు నవ్విరి. నవ్వనిండు.

వ్యసనము మాట చాలమంది యెత్తుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనము 2019లో చేర్చబడినది. ఆ పట్టిక 2022 నుండి అమలులోనికి వచ్చినది. అందు చెప్పబడినది గంటల లెక్క కాదు. ఆటను ఆపుకొనలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముందగుట, కీడు జరుగుచున్నను మానకుండుట, ఈ మూడును కలిసి సాధారణముగా పండ్రెండు నెలలు కనబడవలెను. సెలవునాడు మూడు గంటలు ఆడి, పిలిచినప్పుడు లేచి అన్నము తినుటకు వచ్చు పిల్లవానికి వ్యాధి లేదు. అన్నము మాట విని యంత్రమును విసరికొట్టు పిల్లవాని ఇంటిలోనికి మఱియొక యంత్రమును తేకూడదు. మైదానమునకు పంపరాదా యని కొందఱు అడుగుదురు, పంపవలసినదే. కాని మే నెలలో పదునొకండు గంటలు మొదలు నాలుగు గంటల వఱకు బిడ్డను మైదానమునకు పంపు తల్లి మన జిల్లాలలో నెక్కడను లేదు.

మమ్ము నిజముగా ఆలోచింపజేసినది ఒక తల్లి యడిగిన ప్రశ్న. ఆమె కువైటులో నొక యింట పని చేయుచున్నది. ఎనిమిదవ తరగతి చదువు ఆమె కుమారుడు అమ్మమ్మ యింట నుండి మా పాఠశాలకు వచ్చుచున్నాడు. ఆమె యిల్లు చూచి రెండు సంవత్సరములు దాటినది. ఒకనాటి రాత్రి ఫోను చేసి, "మాస్టారూ, బాబు గేము కావాలని అడుగుతున్నాడు. కొనకపోతే అమ్మకు ప్రేమ లేదనుకుంటాడు. కొంటే చదువు పోతుందేమో. ఏం చేయమంటారు?" అనెను. ఆ యంత్రము వెల యామె జీతములో నెంత భాగమో మేము ఎఱుగుదుము, పిల్లవాడు ఎఱుగడు.

మా సహోపాధ్యాయుడొకడు సైకిలు కొనుమని చెప్పుమనెను. అమ్మమ్మ యిల్లు పాఠశాలకు రెండు వీధుల దూరము. ఆ పిల్లవానికి కావలసినది త్వరగా ఎక్కడికో పోవుట కాదు. సాయంకాలము ఇంటిలో నెవ్వరో ఉండుట. ఈ లోటును యంత్రము తీర్చదు. అది తీర్చునని నమ్మి కొనుట మోసపోవుటయే. కాని, యంత్రము ఆ లోటును మఱింత పెద్దది చేయునా, కొంచెము చిన్నది చేయునా అన్నది ఏ యంత్రమను దానిని బట్టియు, ఎట్లు వచ్చినదను దానిని బట్టియు ఉండును. అందుచేత మేము ఇట్లు చెప్పితిమి: కొనుము; కాని యెవరిచేతనో పంపవలదు. సెలవుకు వచ్చునప్పుడు నీవే తెమ్ము. మొదటి పదిదినములు నీవును అతనితో కూర్చుండి ఆడుము, ఓడిపొమ్ము. మార్కులకు బహుమానమని మాత్రము చెప్పకుము. మార్కులు తగ్గిననాడు అమ్మయే తగ్గినట్లు అతనికి తోచును.

అందుకే ఆమెకు 'స్విచ్ లైట్' వలదంటిమి. 2019లో అమెరికాలో 200 డాలర్లకు విడుదలయైన ఈ చిన్న యంత్రము చవుకయైనదే. కాని దానిని టీవీకి తగిలింప వీలులేదు, మీటల భాగములు ఊడిరావు. ఒక్కడు మూలను కూర్చుండి ఆడునది. 2017లో 300 డాలర్లకు వచ్చిన మామూలు స్విచ్ యంత్రమునకు రెండు ప్రక్కల మీటల భాగములు ఊడివచ్చును; చెరి యొకటి పట్టుకొని టీవీ యెదుట తల్లియు కొడుకును ఆడవచ్చును. అమ్మమ్మ కూడ పందెపు కారు నడపవచ్చును. మేము చూచిన అమ్మమ్మలలో కొందఱు ఈ విద్యలో మనుమలకు తీసిపోరు. ఆ మీటలకు, తాకకున్నను బొమ్మ ప్రక్కకు జరుగు జబ్బు కలదు. సంస్థాధ్యక్షుడే 2020లో ఇందుకు క్షమాపణ చెప్పెను. కావున వాడినది కొనువారు దుకాణములోనే పది నిమిషములు ఆడి చూడవలెను. 2025 జూనులో 450 డాలర్లకు వచ్చిన రెండవ స్విచ్ గూర్చి యామె యడిగినది. ఎనిమిదవ తరగతి బాలునకు దాని యవసరము మాకు కనబడలేదు.

ఆటలను సాధ్యమైనంతవఱకు కార్డు రూపముననే కొనవలెను. కార్డును స్నేహితునకు పుస్తకమువలె ఎరువు ఇయ్యవచ్చును, తిరిగి అమ్మవచ్చును. ఇంటర్నెట్టు అంగడిలో కొన్నది కొన్నవారి ఖాతాను అంటియుండును. అంగడులును శాశ్వతములు కావు. అదే సంస్థవారి '3డీఎస్' అంగడిలో క్రొత్త కొనుగోళ్లు 2023 మార్చితో ఆగిపోయినవి. రెండవ స్విచ్ కొఱకు వచ్చు కార్డులలో కొన్నిటియందు ఆటయే యుండదు, ఆటను దింపుకొనుటకు తాళపుచెవి మాత్రము ఉండును. డబ్బా మీద ఆ సంగతి వ్రాసియుండును, చదివి కొనవలెను. అంగడిలో బ్యాంకు కార్డు సంఖ్యను దాచియుంచకూడదు.

ఈ యంత్రమునకు తలిదండ్రుల ఫోనులో పెట్టుకొను నొక ఆప్ కలదు. దినమునకు ఎంతసేపు ఆడవచ్చునో దానిలో నిర్ణయింపవచ్చును. ఏ యాట ఎంతసేపు ఆడెనో చూడవచ్చును. కువైటులో నున్నను చూడవచ్చును. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె కొంతసేపు పలుకలేదు. తరువాత, "అయితే వాడు ఇంటికి వచ్చాడో లేదో నాకు తెలుస్తుందన్నమాట" అనెను. నిఘా కొఱకు చేయబడిన యా యేర్పాటు ఈ తల్లికి అట్లు పనికివచ్చునని మాకు తోచియుండలేదు.

గల్ఫు దేశములలో నుండి ఈ సంచిక చదువు మా పూర్వవిద్యార్థులకు ఒక చిన్న మాట. కువైటులో అమ్ము యంత్రముల ప్లగ్గునకు చదరపు కాళ్లు మూడు ఉండును. అవి మన గోడలోని గుండ్రని రంధ్రములలోనికి పోవు. దానికి తగిన అడాప్టరును అక్కడనే కొని, డబ్బాలో పెట్టి తీసికొని రండు.