ప్రశ్నల వానలో పట్టా

పట్టా కావాలంటే పరీక్ష రాయాలి. మనకు తెలిసిన పద్ధతి ఇదే. మూడు గంటలు కూర్చుని, అడిషనల్ షీట్లు దారంతో కట్టి ఇచ్చేసి వస్తే ఆ పూటకి పని అయిపోయినట్టే. నాలుగొందల ఏళ్ల కిందట నెదర్లాండ్స్‌లో లా చదివిన కుర్రాడికి అంత సుఖం లేదు. సభలో నిలబడాలి. లాటిన్‌లోనే మాట్లాడాలి. ఎదుటివాళ్లు లేవనెత్తిన ప్రతి ఆక్షేపణకూ అక్కడికక్కడే జవాబు చెప్పాలి. అవధాని, చుట్టూ పృచ్ఛకులు గుర్తొస్తున్నారా? ఇంచుమించు అలాంటిదే. కాకపోతే ఇక్కడ పద్యాలుండవు... అన్నీ అప్పులూ, ఆస్తులూ, వీలునామాలే!

ముందు లైడెన్ సంగతి చెప్పుకోవాలి. 1574లో స్పెయిన్ సైన్యం ఆ ఊరిని నెలల తరబడి ముట్టడించింది. ఆకలికీ రోగాలకీ వేలమంది పోయారు. అయినా ఊరు లొంగలేదు. ముట్టడి తొలగిన కొద్ది నెలలకే, 1575 ఫిబ్రవరిలో అక్కడ విశ్వవిద్యాలయం వెలిసింది. పెట్టించింది తిరుగుబాటు నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్. అనుమతి పత్రం మాత్రం స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ పేరు మీదే ఉంది! యుద్ధం ఆయన మీదే, కాలేజీ ఆయన పేరుతోనే. లా చెప్పే చోటు కదా, ఇలాంటి మెలికలు మామూలే అనుకోవాలి. తర్వాత ఫ్రానెకర్, గ్రోనింగెన్, యూట్రెక్ట్, హార్డర్‌వైక్‌లలోనూ విశ్వవిద్యాలయాలు వచ్చాయి.

పాఠం ఏమిటంటే రోమన్ చట్టం. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి క్రోడీకరింపజేసింది. ముందు 'ఇన్‌స్టిట్యూట్స్', ఆ తర్వాత యాభై భాగాల 'డైజెస్ట్'. ప్రొఫెసర్లు విశ్వవిద్యాలయంలో చెప్పే పాఠాలకు ఫీజు లేదు. ఇంటి దగ్గర చెప్పే వాటికి ఉంది. అవును, ట్యూషన్లే! విద్యార్థులకు ఇంకో వైభోగమూ ఉండేది. కొంత మేర బీరు మీదా, వైను మీదా పన్ను లేదు. తప్పు చేస్తే విచారించడానికి విశ్వవిద్యాలయానికి సొంత న్యాయస్థానం ఉండేది.

ఇక అసలు వాదానికొద్దాం. ఇది రెండు రకాలు. ఒకటి సాధన కోసం, రెండోది పట్టా కోసం. విద్యార్థి నిలబెట్టాల్సిన ప్రతిపాదనలు ముందే చిన్న పుస్తకంగా అచ్చయ్యేవి. తండ్రికో, మేనమామకో, ఊరి పెద్దలకో అంకితం. స్నేహితులు రాసిన అభినందన పద్యాలు కూడా. సాధన వాదాల్లో ప్రొఫెసర్ అధ్యక్షుడిగా కూర్చునేవాడు. ప్రత్యర్థులు తప్పు పట్టేవాళ్లు. కుర్రాడు కాచుకునేవాడు. మన శాస్త్రచర్చల్లో పూర్వపక్షం, సిద్ధాంతం అంటారే, అదే వరస.

పుస్తకం మీద కుర్రాడి పేరున్నా, లోపలి రాత చాలాసార్లు గురువుగారిదే. ఏది ఎవరి రాతో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నారు. నాకైతే అదంత పెద్ద నేరంగా తోచదు. రాత అరువు తెచ్చుకోవచ్చు. సభలో జవాబు ఎవరు అప్పిస్తారు?

అన్నిచోట్లా అంత గట్టిగా జల్లెడ పట్టారనుకుంటే పొరపాటే. హార్డర్‌వైక్ పట్టాలు సులువుగా దొరుకుతాయని పేరు. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1735లో మలేరియా జ్వరం మీద రాసుకున్న వ్యాసంతో వచ్చి, వారం రోజుల్లో వైద్య డాక్టరై వెళ్లాడు. ఆయన గొప్పవాడే, సందేహం లేదు. కానీ వారమా!

చదువుకీ కోర్టుకీ మధ్య అగాధం మాటేమిటి? తరగతిలో లాటిన్, రోమన్ చట్టం. కోర్టులో డచ్ భాష, రోమన్ సూత్రాలతో పాటు స్థానిక ఆచారాలూ శాసనాలూ. దీనికి వంతెన కట్టినవాడు హ్యూగో గ్రోషియస్. పదకొండేళ్లకే లైడెన్‌లో చేరిన బాలమేధావి. మన మచిలీపట్నంలో వ్యాపారం చేసిన డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున సముద్రం ఎవరి సొత్తూ కాదని వాదించింది ఈయనే. రాజకీయాల్లో ఓడిన పక్షాన నిలిచి 1619లో యావజ్జీవ ఖైదీ అయ్యాడు. జైల్లో కూర్చుని హాలండ్ చట్టాన్ని డచ్‌లో రాశాడు. 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని తప్పించుకున్నాడు! ఆ గ్రంథం 1631లో అచ్చయింది. ఆ రోమన్-డచ్ చట్టమే ఓడలెక్కి వెళ్లింది. దక్షిణాఫ్రికా, శ్రీలంక కోర్టుల్లో ఇప్పటికీ దాని ఛాయలున్నాయి.

ఇన్ని వాదాల్లో ఆడపిల్లల గొంతు వినపడదు. యూట్రెక్ట్‌లో 1636లో ఆనా మరియా ఫాన్ స్కుర్మన్ అనే విదుషికి పాఠాలు వినే అవకాశం ఇచ్చారు. అదీ కుర్రాళ్లకు కనిపించకుండా, మరుగు కట్టిన చిన్న గదిలో కూర్చుని. వినొచ్చు, లేచి వాదించకూడదు. పట్టా మాట సరేసరి. స్త్రీలు చదువుకు తగినవారేనంటూ ఆవిడ లాటిన్‌లో రాసిన వ్యాసం 1641లో లైడెన్‌లో వెలువడింది. ముందు ప్రతిపాదన, ఆపై తర్కం, ప్రత్యర్థులు ఏమంటారో ఒక్కొక్కటీ తనే ఎత్తి తనే ఖండించడం... అచ్చంగా సభలో వాదం నడిచినట్టే నడిపారు.