ఎక్కేవాడి కాలు నొప్పి మనకి పట్టదా?

ఇంటి పక్కన ఎండిన కొబ్బరిచెట్టుని పైనుంచి ముక్కలుగా కోసి దించాలంటే మనిషి చాలాసేపు మానుని అంటిపెట్టుకునే ఉండాలి. మొన్న మా దొడ్లో ఎక్కినతను దిగాక చూస్తే, ఇనుప ముళ్ల పట్టీ ఒరుసుకుని మోకాలి కింద చర్మం లేచిపోయింది. "నొప్పికి తొందరపడ్డానండి" అన్నాడు. ఆ తొందరే ప్రాణం తీసేది.

కూలి బేరం కంటే ముందు పట్టీలు చూడండి. మోకాలి కింద మెత్త వెడల్పుగా ఉండాలి, ఇనుము ఎముకకి తగలకూడదు. కొనేముందు కట్టుకుని, రెండడుగుల ఎత్తులో పావుగంట నిలబడి చూడాలి. నడుముకి బెల్టు తప్పదు. మాను గుల్లబారితే అసలు ఎక్కించొద్దు.

కాసే చెట్టుకి మాత్రం ముళ్లు వద్దు. కొబ్బరి మానుకి గాయం పూడదు, ఎర్రముక్కు పురుగు అలాంటి చోటే గుడ్లు పెడుతుంది.

ఊరికో మంచి జత మనమే తలా కొంత వేసుకుని కొందాం. చెట్టు మనదైనప్పుడు ఆ ఖర్చు కూలివాడి మీద ఎందుకు? ఏమంటారు?