మారువేషానికి సర్టిఫికేట్ ఎందుకు?

మామూలు కొనుగోలుదారులా దుకాణంలోకి వెళ్లి, ఏదో ఒకటి కొని, పలకరింపు మొదలు బిల్లు చేతికిచ్చేదాకా సిబ్బంది తీరంతా కనిపెట్టి, ఆ వివరాలను గుట్టుగా కంపెనీకి రాసి పంపేవాళ్లను మిస్టరీ షాపర్లంటారు. అమెరికాలో 1940ల నాటికే ఉన్న పని ఇది. మన దేశంలోనూ పెట్రోలు బంకులు, బ్యాంకు శాఖలు, చైన్ స్టోర్లు, వాహనాల షోరూములు నడిపే సంస్థలు ఇలాంటి వాళ్లను పంపి తమ సిబ్బంది పనితీరు తెలుసుకోవడం కొత్తేమీ కాదు. దీని పక్కనే ఇంకో వ్యాపారమూ మొలిచింది. ఆ పని చేయాలనుకునేవాళ్ల దగ్గర డబ్బు కట్టించుకుని, నాలుగు పాఠాలు చెప్పి, చేతిలో ఓ సర్టిఫికేట్ పెట్టడం. ఆ డబ్బు దండగన్నది నా అభిప్రాయం. మహానగరాల సంగతి ఎలా ఉన్నా, చిన్న పట్టణాల్లో మరీ దండగ.

తమిళనాడు దక్షిణాన ఉన్న విరుదునగర్, కోవిల్‌పట్టినే తీసుకుందాం. మధురై నుంచి తిరునల్వేలి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 50 కిలోమీటర్ల ఎడంలో ఉన్న ఊళ్లివి. తరతరాల కింద వలస వెళ్లి, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు ఆ చుట్టుపక్కల పల్లెల్లో చాలానే ఉన్నాయి. వాళ్ల కథలు తమిళంలో రాసి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కి. రాజనారాయణన్ సొంతూరు ఇడైసేవల్ కోవిల్‌పట్టి పక్కనే. విరుదునగర్ పప్పులకు, నూనెలకు, మిరపకాయలకు పేరుపడ్డ బజారు. నూనెలో వేయించే అక్కడి పరోటా కోసం ప్రయాణికులు పనిగట్టుకుని ఆగుతారు. కోవిల్‌పట్టి అంటే అగ్గిపెట్టెలు, కడలై మిఠాయి. అంటే మన పల్లీ పట్టీ. ఇలాంటి వ్యాపారాల్లో చాలావాటికి గల్లాపెట్టె దగ్గర యజమానో, ఆయన కొడుకో, బావమరిదో కూర్చుని ఉంటారు. తూకంలో తేడా, పనివాడి మాటతీరు, వచ్చినవాడి ముఖంలో చిరాకు రోజూ కళ్లారా చూసే మనిషికి గుట్టు నివేదికతో పనేముంది? యజమాని ఎక్కడో దూరంగా ఉన్నచోటే మిస్టరీ షాపర్ అవసరం పుడుతుంది. ఆ లెక్కన రహదారి పక్క బంకులు, బ్యాంకులు, పెద్ద నగల షోరూములు, సెల్‌ఫోన్ దుకాణాల లాంటి కొన్నే మిగులుతాయి. అందులోనూ ఒకే మనిషిని ఒకే శాఖకు వెంటవెంటనే పంపరు, ముఖం గుర్తుపడతారు గనక. ఒక్కో పనికి దక్కేది సాధారణంగా కొన్ని వందల రూపాయలు, కొన్న వస్తువు ఖర్చు. రాబడి ఇంత సన్నగా ఉన్నప్పుడు ముందే కట్టే రుసుము ఎంతైనా బరువే.

అసలు సర్టిఫికేట్ ఎందుకు? నలుగురికీ చూపించడానికి. డాక్టరు గోడకు తగిలిస్తాడు, డ్రైవరు పోలీసుకు చూపిస్తాడు. మిస్టరీ షాపర్ దాన్ని బయట ఎవరికీ చూపకూడదు, చూపిస్తే పనే పోతుంది. చూపగల చోటు ఒక్కటే, పని ఇచ్చే కంపెనీ. ఆ కంపెనీకి కావలసింది నమ్మదగ్గ నివేదిక. బంకుకు వెళ్లినవాడు మీటరులో సున్నా చూపించారా, అడిగితే 5 లీటర్ల కొలపాత్రలో పోసి చూపారా, ఫిల్టర్ పేపర్ ఇచ్చారా, రసీదు మీది సమయానికీ తాను పెట్రోలు పోయించుకున్న సమయానికీ పొంతన ఉందా, ఇవన్నీ మనసులో పెట్టుకుని ఆ రోజే రాయాలి. తనకు నచ్చినదీ నచ్చనిదీ పక్కన పెట్టి జరిగింది జరిగినట్టు రాయాలి. ఈ గుణం ఉందో లేదో తేల్చుకోవడానికి కంపెనీ ఒక నమూనా నివేదిక రాయించుకుంటే చాలు, ఆ పని సూచనల మీద చిన్న పరీక్ష పెడితే చాలు. ఈ రెండింటికీ అభ్యర్థి పైసా కట్టనక్కర్లేదు. ఇక చిన్న ఊళ్లో అన్నిటికన్నా పెద్ద అర్హత ఆ ఊరి మాట. చెన్నై యాసలోనో, సగం ఇంగ్లిష్ కలిపిన తమిళంలోనో ఆరాలు తీస్తే కోవిల్‌పట్టిలో కౌంటరు దగ్గరి కుర్రాడు ఇట్టే పసిగడతాడు. ఆ నల్లరేగడి పల్లెల తమిళం నోట పలికే మనిషిని ఎవరూ రెండోసారి చూడరు. ఊరు చిన్నదైతే అందరికీ అందరూ తెలుసన్న చిక్కు కూడా ఉంది. దాన్నీ ఏ కోర్సూ తీర్చలేదు.

డబ్బు కట్టి పరీక్ష రాయడమే తప్పని కాదు. బీమా ఏజెంటు కావాలంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన పరీక్ష గట్టెక్కాలి. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష పాసై ఫండ్ల సంస్థల సంఘం ఆంఫీ దగ్గర నమోదు కావాలి. అక్కడ కాగితానికి నిబంధనల అండ ఉంది, అది లేకుండా ఆ పనిలో అడుగుపెట్టనివ్వరు. మిస్టరీ షాపర్‌కు మన దేశంలో అలాంటి లైసెన్సేదీ లేదు కనక ఎవరి సర్టిఫికేట్ వాళ్లదే. ఈ రంగంలోని కంపెనీల సంఘం ఎంఎస్‌పీఏ అమెరికాలో సిల్వర్, గోల్డ్ అంటూ రెండంచెల సర్టిఫికేట్లు నడిపింది. అది పేరున్న సంఘమే, దాన్ని మోసమనడానికి లేదు. అయినా అవి లేనివాళ్లకూ అక్కడ పని దొరుకుతూనే వచ్చింది. వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇంకా సూటిగా హెచ్చరించింది. ఈ పనిలో చేరడానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదనీ, ప్రకటనల్లోనూ అడగకుండా వచ్చే మెయిళ్లలోనూ అమ్మజూపే సర్టిఫికేట్లు దాదాపుగా దేనికీ కొరగావనీ చెప్పింది. పుట్టినచోటే చెల్లని కాగితం విరుదునగర్‌లో చెల్లుతుందని ఎలా నమ్మడం?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. తర్ఫీదు లేనివాడు రాసిన నివేదిక వల్ల ఏ పాపం ఎరగని ఉద్యోగికి ప్రోత్సాహకం పోవచ్చు, మెమో అందవచ్చు, కాబట్టి చూడటం, రాయడం నేర్పి తీరాలంటారు. నిజమే. శిక్షణ ఎంత అవసరమో చెప్పే ఆధారాలు మన దేశంలోనే ఉన్నాయి. మధ్యప్రదేశ్ పల్లెల్లో, ఢిల్లీలో వైద్యం ఎలా అందుతోందో తెలుసుకోవడానికి ఆర్థికవేత్త జిష్ణు దాస్, ఆయన సహ పరిశోధకులు స్థానికులనే ఎంచుకున్నారు. ఛాతీ నొప్పి, ఉబ్బసం లాంటి లక్షణాలను అందరి దగ్గరా ఒకేలా చెప్పేలా తర్ఫీదిచ్చి, రోగుల్లా వైద్యుల దగ్గరికి పంపారు. 2012లో హెల్త్ అఫైర్స్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం వైద్యం నాణ్యతలోని లోపాలను బట్టబయలు చేసింది. సంతోష్ అనగోల్, షాన్ కోల్, షాయక్ సర్కార్ అనే పరిశోధకులు మన దేశంలోనే ఇదే పద్ధతిలో బీమా ఏజెంట్ల దగ్గరికి కొనుగోలుదారుల వేషంలో మనుషులను పంపి, తమకు కమీషన్ ఎక్కువ వచ్చే పాలసీలనే ఏజెంట్లు సిఫారసు చేస్తున్నారని తేల్చారు. ఇలాంటి పనుల్లో వేషం వేసేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేయరు, సమాచారం కావలసినవాళ్లే నేర్పించి పంపుతారు. నేర్పేది కూడా ఏదో సాధారణ జ్ఞానం కాదు, ఫలానా చోట ఫలానా ప్రశ్న ఎలా అడగాలన్నది. బంకులో గమనించాల్సింది వేరు, బ్యాంకులో వేరు. అన్నిటికీ కలిపి ఒకే పాఠం చెప్పి ముద్ర వేసే కోర్సు ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపోదు. శిక్షణ కావాలనే వాదన నిజానికి కంపెనీ జేబు వైపు వేలు చూపిస్తుంది, అభ్యర్థి జేబు వైపు కాదు.

సర్టిఫికేట్ ఉన్నవాళ్లకు ముందుగా పని ఇస్తారన్నది ఇంకో మాట. అలా ఇచ్చే కంపెనీ ఉంటే ఉండవచ్చు. దాని పేరేమిటో, మీ జిల్లాలో నెలకు ఎన్ని పనులు ఇస్తుందో రాసి ఇమ్మనండి, రుసుమును మొదటి పనుల డబ్బులో మినహాయించుకోమనండి. దానికి ఒప్పుకునేవాళ్లతో మాట్లాడవచ్చు. ఒప్పుకోకపోతే వాళ్ల ఆదాయం మీ పని నుంచి కాక మీ రుసుము నుంచే వస్తోందని అర్థం. చిన్న మొత్తమే కదా అనేవాళ్లు కోవిల్‌పట్టి, శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమను ఒకసారి గుర్తు చేసుకోవాలి. అందులో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మహిళలే. ఇంటి నుంచి పని, విడి సమయంలో సంపాదన అనే మాటలు ఎక్కువగా ఆకర్షించేది ఇలాంటి కుటుంబాలనే. వాళ్లకు చిన్న మొత్తమేదీ చిన్నది కాదు. నిజాయితీగల సంస్థ సైతం ముందు డబ్బు కట్టండి అన్నప్పుడు మోసగాడికి దారి చదును చేస్తుంది. పార్ట్‌టైమ్ ఉద్యోగాలు, టాస్కుల పేరుతో జనాన్ని ముంచుతున్న 100కు పైగా వెబ్‌సైట్లను 2023 డిసెంబరులో కేంద్రం మూయించింది. పనికి ముందు డబ్బు అడగడం ఆ ముఠాలకు వెన్నతో పెట్టిన విద్య.

నిజానికి కోవిల్‌పట్టిలో రహస్య కొనుగోలుదారులు చేయదగ్గ పని ఒకటుంది. ఆ ఊరి కడలై మిఠాయికి 2020 ఏప్రిల్‌లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరు పెట్టి వేరే ఊళ్లో చేసిన పట్టీ ఎవరైనా అమ్ముతున్నారా అని చూడాలంటే మామూలు మనుషులు చాలు. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో, మధురై, చెన్నై దుకాణాల్లో పొట్లం కొని, తయారీదారు పేరు, చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఫొటో తీసి పంపితే సరిపోతుంది. తయారీదారుల సంఘం ఓ పూట కూర్చోబెట్టి నేర్పి, తిరిగినందుకు కూలి ఇస్తే ఇది నడుస్తుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 40వ సెక్షన్ ప్రకారం సాధారణ కొనుగోలుదారు కూడా రుసుము కట్టి సరుకును ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించవచ్చు. లోపం తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. కాకపోతే పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి, అక్కడ గుట్టు పనికిరాదు. ఇంత అధికారం ఇచ్చిన చట్టం కూడా కొనుగోలుదారును నీ సర్టిఫికేట్ ఏదని అడగదు.

ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఉచితంగా నమోదు చేసుకునే కంపెనీతోనే మొదలుపెట్టండి, నివేదిక రాయడం అక్కడే నేర్చుకోండి. ఇప్పటికే ఎవరికో కట్టి మోసపోయి ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే చెబితే దాన్ని ఆపించే అవకాశం ఉంటుంది.