గోటితో గీకేసిన ఎమ్మార్పీ



ఈ వారం రాస్తానని చెప్పిన విషయం పక్కన పెడుతున్నాను. కారణం ఒక మెసేజ్. పీహెచ్‌డీ చేస్తున్న ఒక తమ్ముడు మంగళవారం రాత్రి పదకొండింటికి పంపాడు. "అన్నా, ఎల్లుండి నా వైవా. ఎక్స్‌టర్నల్ సార్‌కి బాటిల్ ఇయ్యాలంట. విస్కీ అయితే మంచిగుంటదంటున్నరు. నా దగ్గర రెండున్నర వేలున్నయ్. ఏది కొంటే ఇజ్జత్ పోకుండ ఉంటది?"

ఆరేళ్ళ పరిశోధన. వైవాకి రెండు రోజుల ముందు ఆ పిల్లవాడికి నిద్ర పట్టనివ్వనిది తన సిద్ధాంత గ్రంథం కాదు. అందులో మూడో అధ్యాయం మీద ఏ ప్రశ్న వస్తుందో అన్న భయమూ కాదు. రెండున్నర వేలలో ఇజ్జత్ దొరుకుతుందా లేదా అన్నది.

ముందు అడిగినదానికి జవాబు చెప్తాను. ఎందుకంటే ఆ జవాబు నాకు బాగా తెలుసు. ఆరేళ్ళ కింద నా వైవా ముందు నేనూ ఇదే లెక్కతో నాలుగు వైన్స్‌ల చుట్టూ తిరిగాను.

స్కాచ్ అనాలంటే అది స్కాట్లండ్‌లో తయారవ్వాలి, అక్కడ ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉండాలి. సీసా మీద 12 అని ఉంటే, అందులో కలిపిన విస్కీల్లో అన్నిటికంటే చిన్నదాని వయసు పన్నెండేళ్ళని అర్థం. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో చేసింది. సింగిల్ మాల్ట్ స్కాచ్‌ని అక్కడే సీసాల్లో నింపాలి. బ్లెండెడ్ స్కాచ్‌ని మాత్రం పెద్దమొత్తంలో తెచ్చి ఇక్కడ నింపొచ్చు. వెనక లేబుల్ మీద 'బాటిల్డ్ ఇన్ ఇండియా' అని ఉంటుంది. అదీ అసలు స్కాచే, ధర మాత్రం తక్కువ. మన సీసాల మీద ఉండే 42.8 శాతం చూసి ఇదేదో ఘనమైన సరుకనుకోకు. అది పాత 75 డిగ్రీల ప్రూఫ్ లెక్కని శాతంలోకి మారిస్తే వచ్చే అంకె, అంతే. ఇండియన్ సరుకు ఇస్తే చిన్నచూపు చూస్తారనేవాళ్ళకి ఒక మాట చెప్పు: బెంగుళూరులో తయారయ్యే అమృత్ సింగిల్ మాల్ట్‌ని 2004లో తీసుకెళ్ళి స్కాచ్ పుట్టిన గడ్డ మీదే, గ్లాస్గోలో విడుదల చేశారు. అట్టపెట్టెకి, దాని మీది బంగారు రంగు అక్షరాలకి అదనంగా డబ్బు పెట్టకు. రెండున్నర వేలలో ఇక్కడ నింపిన బ్లెండెడ్ స్కాచ్ ఫుల్ బాటిల్ ఒకటి వస్తుంది. రుచికి లోటు ఉండదు.

ఇదీ జవాబు. ఇప్పుడు అసలు మాట. కొనకు తమ్ముడూ.

ఎందుకు కొనొద్దంటున్నానో చెప్పాలంటే నా వైవా రోజు సాయంత్రం గురించి చెప్పాలి. అప్పుడు నేను గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌ని. మూడు నెలల జీతం బాకీ. అప్పు చేసి కొన్నాను. ఎంత ఖరీదో తెలియకూడదని, అంటే తక్కువ ఖరీదని తెలియకూడదని, వెనక లేబుల్ మీది ఎమ్మార్పీని గోటితో గీకేశాను. గెస్ట్‌హౌస్ గదిలో సీసా చేతికి తీసుకున్న పెద్దమనిషి అటూ ఇటూ తిప్పి చూసి నవ్వుతూ అన్నాడు: "ఈ విషయంలో మీవాళ్ళ సెలెక్షన్‌కి తిరుగుండదయ్యా!"

గదిలో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

పొద్దున్నే అదే మనిషి ముందు నేను మన సాహిత్యంలో ఆత్మగౌరవం గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. సాయంత్రానికి 'మీవాళ్ళ'లో ఒకణ్ణయ్యాను. తాగేది ఆయన. తాగుబోతు పేరు నాకు. డబ్బు నాది, పేరూ నాదే.

ఈ దేశంలో మందుకి కులం ఎలా అంటుతుందో చూడండి. మా తాత తాళ్ళకింద కల్లు తాగడానికి కూర్చునే చోటు వేరు, ముంత వేరు. ఆ తర్వాత ప్యాకెట్ సారా వచ్చింది. సారా వేలంపాటలు పాడినవాళ్ళు కాంట్రాక్టర్లయ్యారు, కాంట్రాక్టర్లు నాయకులయ్యారు. తాగినవాళ్ళు మాత్రం తాగుబోతులుగానే మిగిలారు. ఇవ్వాళ వాడలో మనిషి బెల్టు షాపులో క్వార్టర్ కొంటే అది 'ఆ జాతి అలవాటు'. ప్రొఫెసర్ గారి అల్మారాలో ఫుల్ బాటిల్ ఉంటే అది 'అభిరుచి'. కూలివాడు తాగి మాట్లాడితే వాగుడు, కవి తాగి మాట్లాడితే సాహిత్య గోష్ఠి. వాళ్ళ అల్లుడు అమెరికా నుంచి వస్తూ చట్టం ఒప్పుకున్న రెండు లీటర్లు డ్యూటీ ఫ్రీలో పట్టుకొస్తాడు, పన్ను లేకుండా. నువ్వు ఇక్కడ వైన్స్‌లో ప్రభుత్వానికి పన్నులన్నీ కట్టి కొని తీసుకెళ్ళి ఆ ఇంటికే ఇస్తావు. ఎవరి బాటిల్ చవక, ఎవరిది ఖరీదు? లెక్క వేసుకో.

మన చరిత్రలో సారాతో ముడిపడిన గొప్ప పేరు తాగినవాళ్ళది కాదు, ఆపినవాళ్ళది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమెతోపాటు కూలి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో దిద్దిన అక్షరాలు వాళ్ళని అక్కడిదాకా నడిపించాయి. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. చదువుకి, సారాకి మధ్య జరిగిన ఆ యుద్ధంలో చదువు వైపు నిలబడింది అప్పుడప్పుడే సంతకం నేర్చుకున్న ఆడవాళ్ళు. ఇప్పుడు డాక్టరేట్లు ఇచ్చే చోట మనం సీసాతో చదువుకి ముద్ర వేయించుకుంటున్నాం. వాళ్ళ ముందు ఏ మొహంతో నిలబడతాం?

పోయిన ఏడాది ఒక చెల్లె నాకు చెప్పిన మాట ఇది. వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి వైవా అయినా స్కాలర్లందరూ తలా మూడొందలు వేసుకోవాలి. ఆ సాయంత్రం సిట్టింగ్‌కి ఆడపిల్లల్ని పిలవరు, పిలిచినా పోరు. కానీ చందా మాత్రం ఇవ్వాలి. ఆ చెల్లె వాళ్ళమ్మ ఊళ్ళో బెల్టు షాపు ముందు కూర్చుని ధర్నా చేసిన మనిషి. "అన్నా, మా అమ్మ కూలి పైసలు హాస్టల్ ఖర్చుకి పంపుతది. అందులకెల్లి మూడొందలు తీసి బాటిల్‌కి ఇచ్చిన. ఆ రోజు అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు" అంది. దీన్ని సంప్రదాయం అంటున్నారు. మర్యాద అంటున్నారు.

తెలుగు చదువుకున్నవాణ్ణి, మాటల లెక్క చూస్తాను. కానుక వేరు, కప్పం వేరు, నజరానా వేరు, మామూలు వేరు. తేడా వస్తువులో లేదు, ఇవ్వకపోతే ఏమవుతుందన్న ప్రశ్నలో ఉంది. ఇవ్వకపోయినా ఏమీ కాదంటే అది కానుక. ఇవ్వకపోతే ఏమవుతుందోనని రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాల్సి వస్తే అది కప్పం. దొరకి దసరాకి గొర్రెపొట్టేలు తోలుకుపోయిన మన తాతలు దాన్ని ఇష్టంతో ఇచ్చారా? ఏకలవ్యుణ్ణి బొటనవేలు ఇమ్మని నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. మనల్ని ఎవరూ అడగక్కర్లేదు. మనమే గిఫ్ట్ పేపర్ చుట్టి తీసుకెళ్తున్నాం.

కొందరు మిత్రులు అంటారు: "ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?" చిన్న విషయం ఎవరికి? యూజీసీ జేఆర్ఎఫ్ వచ్చినవాడికి 2023 నుంచి నెలకి 37,000. సెంట్రల్ యూనివర్సిటీలో నాన్-నెట్ ఫెలోషిప్ 8,000. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎంతోమందికి అదీ లేదు. రోహిత్ వేముల 2016 జనవరి 17న వెళ్ళిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు, అతనికి రావాల్సి ఉంది. స్కాలర్ జేబు అంటే ఏమిటో తెలియాలంటే ఆ అంకె గుర్తుపెట్టుకోండి.

ఇంకొందరు అంటారు: "నువ్వు తాగవా? నీతులు చెప్తున్నావా?" అప్పుడప్పుడు తాగుతాను. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. దాన్ని పాటించేవాళ్ళకి చేతులెత్తి మొక్కుతాను, నేను ఆ మెట్టు ఎక్కలేదు. కానీ ఇక్కడ గొడవ మందు గురించి కాదు. బాటిల్ బదులు పట్టుచీర ఇచ్చినా, బాదం డబ్బా ఇచ్చినా ఇదే మాట అంటాను. నా థీసిస్‌ని రాత్రుళ్ళు మేలుకొని టైప్ చేసి, డబ్బులు తర్వాత ఇవ్వమన్న డీటీపీ అన్నకి ఉద్యోగం వచ్చాక ఒక విస్కీ ఫుల్ బాటిల్ ఇచ్చాను. ఎమ్మార్పీ గీకలేదు. ఆయన చూసి "ఇంత పెట్టి ఎందుకు కొన్నవ్‌రా" అని తిట్టాడు. అదీ కానుక.

మరి "ఎక్స్‌టర్నల్ అంత దూరం నుంచి వస్తారు కదా" అంటారా? వచ్చే ఖర్చులు, పరీక్షించినందుకు పారితోషికం యూనివర్సిటీ ఇస్తుంది. అది స్కాలర్ బాధ్యత కాదు.

ఇప్పటిదాకా అవతలివాళ్ళ గురించి చెప్పాను. ఇక నా గురించి. పోయిన నెల ఒక కాలేజీకి ఎంఏ ప్రాజెక్టు వైవాకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు పిల్లలు ఆటోలో ఒక సంచి పెట్టారు. "స్వీట్లు సార్" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే స్వీట్ల డబ్బా కింద బాటిల్. నిజం చెప్తున్నాను, నాకు మొదట వచ్చిన ఆలోచన 'మంచి బ్రాండే' అని. మనవాడు కుర్చీలో కూర్చుంటే కుర్చీ మారిపోతుందని అనుకుంటాం. కుర్చీ మారలేదు. మారుతున్నది నేను.

సీసా వెనక్కి తిప్పాను. ఎమ్మార్పీ గోటితో గీకేసి ఉంది.

మూడు రోజులు ఆ సీసా బల్లమీద ఉంది. వెనక్కి పంపితే పిల్లలు దాన్ని ఏం చేసుకుంటారు? వైన్స్ వాడు వాపసు తీసుకోడు. క్లాసు లీడర్‌కి ఫోన్ చేసి ఎంత పోగుచేశారని అడిగాను. చాలాసేపు చెప్పలేదు. తలా అరవై, ముప్పై ఎనిమిది మంది. 2,280 రూపాయలు ఫోన్‌పే చేసి, ఎవరి అరవై వాళ్ళకి ఇచ్చెయ్యమన్నాను. మార్కులు సంచి ఇవ్వకముందే వేశాను, వాటిలో ఒక్కటీ మారదని చెప్పాను. "సార్, తప్పయిందా?" అని అడిగాడు. తప్పు నీది కాదు నాయనా అన్నాను. మూడు రోజులు ఆలస్యంగా అన్నాను.

అందుకే ఈ మాట స్కాలర్లకంటే ముందు నా తోటి లెక్చరర్లకి, ముఖ్యంగా మన వాడల నుంచి వచ్చి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి. ఇవ్వొద్దని పిల్లలకి చెప్పడం తేలిక. ఇవ్వనివాడికి ఏమవుతుందో మనకి తెలుసు. కాబట్టి ముందు మనం తీసుకోవడం మానాలి. వైవా తేదీ ఖరారు కాగానే "ఏమీ తేవొద్దు, తెస్తే తీసుకోను" అని డిపార్ట్‌మెంట్ గ్రూపులో అందరికీ కనిపించేలా రాయాలి. స్కాలర్లు ఒంటరిగా కాదు, సంఘంగా తీర్మానం చేసుకోండి: సెమినార్ హాల్లో అందరికీ చాయ్, సమోసా. అంతకు మించి ఒక్క రూపాయి వద్దు. ఒక్కడు ఇవ్వకపోతే వాడు పొగరుబోతు. అందరూ ఇవ్వకపోతే అదే పద్ధతి.

తమ్ముడికి ఇదంతా ఆ రాత్రే చెప్పాను. గురువారం సాయంత్రం మెసేజ్ వచ్చింది: "బాటిల్ ఇయ్యలే అన్నా. వైవా మంచిగనే అయింది. బయటికొచ్చినంక గైడ్ సార్ మాత్రం మాట్లాడలే."

ఆ మాట్లాడకపోవడం ఎన్నాళ్ళుంటుందో, దాని ధర ఎంతో నాకు తెలియదు. అది ఆ పిల్లవాడు ఒక్కడే కట్టకూడదనే ఇదంతా రాశాను. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎట్లా ఉందో కింద రాయండి. పేర్లు వద్దు, పద్ధతి చెప్పండి చాలు.

జై భీమ్.