హ్యాండు బ్రేకునకు బదులు రాయి చాలునా?

1945లో మహాయుద్ధము ముగిసిన పిదప సైన్యమునకు అక్కరలేకపోయిన లారీలును జీపులును మన దేశమున పౌరుల చేతికి వచ్చినవి. 1933లో రేవు తెరవబడి, 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి బాంబులకు గురియైన విశాఖపట్టణమునకు సైనిక శకటములు క్రొత్తవి కావు. సైన్యము విడిచిన బండి బరువునకు ఓర్చుననియు, చెడిన దారిని లెక్కచేయదనియు రైతులు అందురు. అది నిజమే. కాని దాని హ్యాండు బ్రేకు పట్టకున్నను ఎవరికిని పట్టింపు లేకపోవుట మాకు వింతగా నున్నది. ఓడలను నిలుపుటకు లంగరులు గల ఊరిలో లారీని నిలుపుటకు దారిప్రక్క రాయియా?

ఆ రాయి పెట్టువాడు క్లీనరు కుర్రవాడు. బరువుతో బండి వెనుకకు జారుచుండగా చక్రము చెంతకు వంగువాడు వాడే. అనంతగిరి ఘాటులో బండి సాగిపోయిన పిదప రాయి దారిలోనే మిగులును. రాత్రివేళ మోటారు సైకిలుపై వచ్చు మరియొకనికి అది మృత్యువు కావచ్చును.

ఆ కాలపు విల్లీసు జీపులో హ్యాండు బ్రేకు చక్రములను పట్టదు. ట్రాన్స్‌ఫరు కేసు వెనుక, షాఫ్టు బయలుదేరు చోట ఒక డ్రమ్ము కలదు. దాని చుట్టునున్న పట్టీ బిగిసి షాఫ్టును ఆపును. పెక్కు సైనిక లారీలలోను షాఫ్టునే పట్టు ఏర్పాటు కలదు. కనుక బండి నడచుచుండగా దీనిని లాగరాదు. గేర్లకును షాఫ్టునకును దెబ్బ తగులును. మరియొక సంగతి ఎరిగినవారు తక్కువ. వెనుక చక్రములు మాత్రమే నడపు స్థితిలో నున్న జీపునకు ఒక వెనుక చక్రమును జాకీతో లేపినచో ఆ బ్రేకు బండిని నిలుపలేదు. షాఫ్టు కదలకున్నను డిఫరెన్షియలు లోపలి గేర్లు తిరుగుటచే, గాలిలోని చక్రము ఒక దిక్కునకును నేలపైది ఎదురు దిక్కునకును తిరుగును. జాకీ పెట్టుటకు ముందే తక్కిన చక్రములకు చెక్క ఆపులు వేయవలెను.

సవరించుటకు సమతలమున బండిని నిలిపి, ఆపులు వేసి, పిడిని పూర్తిగా వదలవలెను. మొదట చూడవలసినది నట్టు కాదు, నూనె. గేరు నూనె కారి లైనరు తడిసినచో ఎంత బిగించినను జారును; సీలును, లైనరును మార్చవలసినదే. లైనరు అరిగి రివెట్లు పైకి తేలినను అంతే. పిమ్మట కేబులు. మన సముద్రపు గాలికి అది లోలోపల తుప్పుపట్టి, లాగినప్పుడు వచ్చును గాని వదలినప్పుడు వెనుకకు పోదు. పట్టీ రాచుకొని కాలును. ఇవన్నియు బాగున్నప్పుడే నట్లను తిప్పి, పట్టీ డ్రమ్మునకు చుట్టును దగ్గరగా నుండి ఎచ్చటను తాకకుండునట్లు చేయవలెను. అరిగిన లైనరును దాచుటకు కేబులును మాత్రమే కురుచ చేయుట తన్ను తాను మోసగించుకొనుటయే. పిడి చివరంట రాకమునుపే బండి ఆగవలెను.

ఖాళీ బండిని చదును నేలపై ఆపి చూపుట పరీక్ష కాదు. బరువుతో స్వల్పమైన వాలుపై, గేరు తీసి, కాలిబ్రేకును మెల్లగా వదలి చూడవలెను. డ్రైవరు పాదము దానిపైననే సిద్ధముగా నుండవలెను. బండికి ముందుగాని వెనుకగాని ఎవరును నిలువరాదు. ఎగువకొకసారి, దిగువకొకసారి ముఖము త్రిప్పి పరీక్షింపవలెను. ఏలయనగా పట్టీ బ్రేకు ఒక దిక్కున గట్టిగను మరియొక దిక్కున మెత్తగను పట్టవచ్చును.

ఖర్చు అందురు. ఉక్కు కర్మాగారము గల ఊరి చుట్టుప్రక్కల పనివారికి కొరత లేదు; లైనరు వెల ఒక బండి బెల్లము వెలకు సాటిరాదు. డ్రైవరును తప్పుపట్టుట మాకు సమ్మతము కాదు. పలుమారు అతడు చెప్పియే యుండును, యజమాని వినకుండును. కావున సంఘమే కల్పించుకొనవలెను. బాడుగకు వచ్చిన బండిని నెలకొకసారి కార్యదర్శి యెదుట వాలుపై నిలిపి చూపుమనవలెను. గొలుసుతో బండికే కట్టిన రెండు చెక్క ఆపులు లేనిదే ఘాటునకు పంపరాదు. బ్రేకు పట్టని నాడు మూటలు గిడ్డంగిలోనే యుండనిండు.