ఆ పాఠం పరీక్ష కోసమే కాదు

‘ఈసీఈ చదివా. కోర్ ఉద్యోగాలు లేవంటున్నారు. కోడింగ్ కోర్సులో చేరిపోనా?’ ఏ క్యాంపస్‌కు వెళ్లినా ఇదే ప్రశ్న. చేరండి, తప్పులేదు. కానీ సెమిస్టర్ కోసం బట్టీపట్టి వదిలేసిన ‘ఫేజ్’ పాఠం ఎక్కడ పనికొస్తుందో ఒక్కసారి చూడండి.

అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ శాస్త్రవేత్తలు గోల్డ్‌స్టీన్, జెబ్కర్ విమానంలోని రాడార్‌తో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో నీటి ప్రవాహాన్ని కొలిచారు. 1987లో ‘నేచర్’ పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు. కిటుకు చిన్నదే. విమానానికి ముందొక యాంటెన్నా, వెనకొకటి. ముందుది చూసిన చోటునే రెప్పపాటులో వెనకది చూస్తుంది. ఈలోగా నీరు జరిగితే తిరిగొచ్చే సిగ్నల్ ఫేజ్ మారుతుంది. రాడార్ తరంగదైర్ఘ్యం 24 సెంటీమీటర్లు అనుకుందాం. సెకనులో 50వ వంతు కాలంలో నీరు రాడార్ వైపు 1 సెంటీమీటరు జరిగితే, రానూపోనూ దూరం 2 సెంటీమీటర్లు తగ్గుతుంది. అంటే ఫేజ్‌లో 30 డిగ్రీల తేడా. వేగం సెకనుకు అర మీటరు!

అసలు చిక్కు ఆ తర్వాతే. రాడార్‌కు కనిపించే కదలికలో ప్రవాహం ఒక్కటే ఉండదు. గాలి లేపిన అలల కదలికా కలిసిపోతుంది. దాన్ని లెక్కకట్టి తీసేయాలి. పైగా రాడార్ చూసే దిశలోని వేగమే తెలుస్తుంది. పూర్తి చిత్రం కావాలంటే మరో దిశ నుంచీ చూడాలి. ఇక్కడే సిగ్నల్స్ తెలిసినవాళ్లు, సముద్ర శాస్త్రం చదివినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సి వస్తుంది.

దీంతో ఎవరికి లాభమంటారా? ఇంజిన్ చెడి కొట్టుకుపోతున్న పడవను ఎక్కడ వెతకాలో చెప్పాలంటే ప్రవాహం, గాలి తెలియాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నడిపే ‘సారాట్’ చేసే పని అదే. ప్రవాహం అంచనా తప్పితే వెతికే పడవలు వేరే దిక్కుకు పోతాయి.

నిజం చెప్పాలంటే ఈ రంగంలో పోస్టులు వేలల్లో ఉండవు. చాలావరకు ప్రాజెక్టు సైంటిస్టు వంటి కాంట్రాక్టు కొలువులే. పోటీ కూడా గట్టిదే. అయితే మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. సెంటినల్-1 ఉపగ్రహ రాడార్ డేటా ఉచితం, దాన్ని చదివే ‘స్నాప్’ సాఫ్ట్‌వేర్ ఉచితం, పైథాన్ ఉచితం. ఫైనలియర్ ప్రాజెక్టును కొనుక్కునే బదులు మన తీరం బొమ్మ ఒకటి దించుకుని కుస్తీపట్టండి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడదామంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.