కేస్ డిస్కషన్ చాలు

డాక్టరు చనిపోతే తోటి డాక్టర్లు మొదట అడిగేది, "ఈసీజీ ఏమొచ్చింది, షుగరుందా, ఇంతకుముందు స్టెంట్ వేశారా?" అని. 1923లో మొదలైన విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో మాతో చదివిన మిత్రుడు పోయిన రోజు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోనూ అదే తంతు. దండాల బొమ్మలు, ‘ఓం శాంతి’లు అయ్యాక నిండైన కేస్ డిస్కషన్ నడిచింది. దుఃఖాన్ని దాచుకోవడానికి మావాళ్లకు తెలిసిన దారి అదొక్కటే కాబోలు. అయినా నాకు నచ్చలేదు. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్‌సర్జన్సీ. అనాటమీ హాల్లో రోల్ నంబర్ల వరసన ఒకే టేబుల్ దగ్గర పడ్డవాళ్లం. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతుంటే వాడు బ్రేకియల్ ప్లెక్సస్‌ను సినిమా బాణీలో పాడేవాడు. ఆ బాణీ ఎత్తుకోకపోతే ఆ నరాల వరస నాకు ఇప్పటికీ రాదు. మా కాలేజీ ఆసుపత్రి కేజీహెచ్ క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ పడితే, కుట్లు వేయడం అయ్యాక, రోగి వెంట ఊరి నుంచి వచ్చిన ముసలమ్మకు టీ ఇప్పించి గానీ కూర్చునేవాడు కాదు. సంతాప సభలో ఇవేవీ రాలేదు. డిగ్రీలు, పదవులు చదివారు, శాలువా కప్పిన ఫొటోలు చూపించారు. వాడి పిల్లలకు తెలిసింది పేరున్న సర్జన్; ఆ పద్దెనిమిదేళ్ల అల్లరి కుర్రాడు తెలిసింది మాకే. వాడి పేరిట గోల్డ్ మెడల్ పెడదామంటున్నారు. పెట్టండి, కాదనను. అంతకుముందు తలా ఒక పేజీ, గుర్తున్నది గుర్తున్నట్టు రాసి, ఆ పిల్లలకు పంపండి.